పంచాయతీ ట్రాక్టరు ఇంజను మరమ్మతు: కనెక్టింగు రాడ్డు బేరింగుల ఎంపిక

తెలంగాణ రాష్ట్రమునందు 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము ననుసరించి గ్రామపంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొన్నవి. తెల్లవారగనే ఇంటింటి చెత్తను డంపింగు యార్డునకు చేర్చుట, బాట వెంట నాటిన మొక్కలకు నీరు పోయుట, ఎండకాలమున ఎద్దడిగల వాడలకు ట్యాంకరు నడుపుట మొదలగు పనులన్నియు ఆ ఒక్క బండిమీదనే ఆధారపడి యున్నవి. బండి నిలిచిన మూడవనాటికి వీధి మూలలందు చెత్త పేరుకొనును. నాలుగవనాడు జనులు సభ్యుని యింటి ముంగిట వచ్చి నిలుతురు. కావున ఇంజను మరమ్మతు అనునది షెడ్డువానికిని డ్రైవరుకును మాత్రమే సంబంధించిన విషయము కాదు.

నాడు కొత్తవైన ఆ బండ్లలో కొన్నింటి ఇంజన్లను ఇపుడు విప్పవలసిన సమయము వచ్చినది. విప్పినపుడు షెడ్డు నుండి ఒక అంచనా కాగితము పంచాయతీకి వచ్చును. అందు పిస్టన్లు, లైనర్లు, రింగులు, గాస్కెట్లు మున్నగువాని నడుమ "కాన్‌రాడ్ బేరింగులు, ఒక సెట్టు" అని ఒక పంక్తి యుండును. ఈ పంక్తిని గురించి సమావేశములో ప్రశ్న వేయువారు అరుదు. వెల తక్కువగుటయే దీనికి కారణము కాబోలు. కాని ఆ కాగితములోని తక్కిన వస్తువులన్నియు ఎంతకాలము మన్నునో నిర్ణయించునది తరచుగా ఈ పంక్తియే. ఏ సైజు బేరింగు, ఏ కొలతనుబట్టి, క్రాంకును సాన పట్టిన పిదపనా, పట్టకయే వేయుటయా అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనక బిల్లు మంజూరు చేసినచో, అదే బిల్లు ఆరు నెలలకు మరల రావచ్చును.

బేరింగు మోయు బరువు

సిలిండరులో మండిన డీజిలు వాయువు పిస్టనును క్రిందకు నెట్టును. పిస్టను సరళరేఖలో పైకి క్రిందకు పోవును. చక్రములకు కావలసినదో గుండ్రని తిరుగుడు. సైకిలు తొక్కువాని మోకాలు పైకి క్రిందకు పోవుచుండగా పెడలు గుండ్రముగ తిరుగుట మనము చూచియున్నాము. మోకాలికిని పెడలునకును నడుమనున్న పిక్కయే ఇంజనులో కనెక్టింగు రాడ్డు. పెడలు ఉన్నచోట క్రాంకుపిన్ను ఉండును. ఆ పిన్నును చుట్టి పట్టుకొన్న రాడ్డు పెద్దకన్నములో రెండు అర్ధచంద్రాకారపు లోహపు చిప్పలుండును. ఈ రెండు చిప్పల జతయే కనెక్టింగు రాడ్డు బేరింగు. మూడు సిలిండర్ల ఇంజనుకు ఇట్టి జతలు మూడు, అనగా ఆరు చిప్పలు.

ఆ చిప్పలమీద పడు బరువును లెక్కవేసి చూతము. సిలిండరు వ్యాసము 100 మిల్లీమీటర్లైనచో పిస్టను తల వైశాల్యము సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. డీజిలు మండిన క్షణమున చదరపు సెంటీమీటరునకు 70 కిలోల ఒత్తిడి కలుగుననుకొన్నచో, మొత్తము అయిదువేల అయిదువందల కిలోలకు మించిపోవదు, తగ్గిపోవదు. నిండుగ ధాన్యపు బస్తాలు వేసిన ట్రాలీ బరువు వంటిదది. ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్నపుడు ఒక్కొక్క సిలిండరులో నిమిషమునకు 1,000 సార్లు, అనగా సెకనుకు పదునారు మార్లకు పైగా, ఈ సుత్తిదెబ్బ బేరింగుమీద పడుచుండును. బేరింగులోని మెత్తని లోహపు పూత మాత్రము గోటితో గీసినను గీత పడునంత మెత్తనిది. ఇంత దెబ్బకు అది ఎట్లు నిలుచుచున్నది?

ఈ ప్రశ్నకు సమాధానము దొరికిన విధము చెప్పదగినది. 1883లో ఇంగ్లండునందు బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచుండెను. బేరింగు పైభాగమున నూనె పోయుటకై ఒక రంధ్రము చేసెను. ఇరుసును త్రిప్పగా, పోయవలసిన నూనె లోపలికి పోవుటకు మారుగ రంధ్రము నుండి పైకి ఉబికి వచ్చెను. రంధ్రమునకు బిరడా బిగించెను, అది ఎగిరిపోయెను. కొయ్యమేకు కొట్టెను, అదియు బయటకు వచ్చెను. చివరకు ఒత్తిడిని కొలుచు గడియారమును అమర్చి చూడగా, బేరింగుమీద మోపిన సగటు బరువుకు రెండింతల ఒత్తిడి ఆ నూనెలో కనబడెను. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు దీని కారణమును గణితముతో నిరూపించెను. తిరుగుచున్న ఇరుసు తనకంటిన నూనెను తనతో లాగుకొనిపోయి ఇరుకైన సందులోనికి దూర్చును. ఆ నూనె సందులో చిక్కి, ఆపువలె పనిచేసి, ఇరుసును పైకెత్తి నిలుపును. ఇనుము ఇనుమును తాకదు.

ట్రాక్టరు క్రాంకులో జరుగునది ఇదియే. ఆయిలు పంపు ఒత్తిడి ఎంత ఎక్కువైన బేరింగు అంత బరువు మోయునని పలువురు అనుకొందురు. పంపు ఇచ్చు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు మూడు నాలుగు కిలోలే. బేరింగులోని ఆయిలు పొర మోయునది వందల కిలోలు. పంపు పని ఆయిలును అక్కడికి చేర్చుటయే. బరువు మోయునది తిరుగుడు, సందు, ఆయిలు చిక్కదనము అను మూడింటి కలయిక. ఇందులో తిరుగుడు డ్రైవరు చేతిలో, చిక్కదనము ఆయిలు కొనువాని చేతిలో నున్నవి. సందు మాత్రము షెడ్డులో మరమ్మతు దినముననే నిర్ణయమగును.

సందు కొలత

పిన్ను వ్యాసములో సుమారు వెయ్యవవంతు సందు ఉండవలెనను ఒక పాత లెక్క కలదు. 60 మిల్లీమీటర్ల పిన్నుకు 0.06 మిల్లీమీటరు. ఇది తల వెండ్రుక మందము. సరియైన అంకెను తయారీదారుని వర్క్‌షాపు పుస్తకమునుండియే గ్రహింపవలెను. ఈ వ్యాసమున చెప్పు అంకెలు విషయము తెలియుటకు మాత్రమే.

సందు రెండింతలైనచో ఆయిలు కారుట రెండింతలు కాదు, దాదాపు ఎనిమిదింతలగును. సన్నని సందునుండి పారు ద్రవము సందు కొలతయొక్క ఘనమునుబట్టి పెరుగుట ప్రకృతి నియమము. మొదటి సిలిండరు బేరింగు అరిగి ఆయిలును వదలివేయుచున్నపుడు మిగిలినవానికి అందవలసిన ఆయిలు అందదు. కాలువ మొదట గండిపడినచో చివరి మడికి నీరు అందనట్లే. అందుచేతనే ఒక బేరింగు పోయిన ఇంజనులో ఆ ఒక్కదానిని మాత్రమే మార్చుట పొదుపు అనిపించుకొనదు.

సందు మరీ తక్కువైనను ప్రమాదమే. ఆయిలు పొర నిలుచుటకు చోటు చాలక వేడి పుట్టును. వేడికి లోహము వ్యాకోచించి సందు ఇంకను తగ్గును. చిట్టచివరకు పూత కరగి పిన్నుకు అంటుకొనును. షెడ్డు భాషలో "ఇంజను పట్టివేసినది" అందురు. అట్లు పట్టివేసిన వేళ రాడ్డు విరిగి ఇంజను గోడను చీల్చుకొని బయటకు వచ్చిన సందర్భములు ట్రాక్టరు షెడ్లలో పనిచేయు వారందరకు తెలిసినవే.

చిప్పల లోహము

అమెరికాలో ఐజక్ బాబిట్ అను కంసాలి 1839లో తగరము ప్రధానముగ, అంటిమొనీయు రాగియు కొలదిగ చేర్చిన ఒక తెల్లని మిశ్రమలోహమును బేరింగులకు ఉపయోగపరచెను. తరువాత దాదాపు నూరేండ్లు ఇంజన్లు దానిమీదనే నడిచినవి. వెనుకటి ఆయిలింజన్ల కాలమున మేస్త్రీలు ఈ లోహమును కరగించి రాడ్డులోనే పోసి, చల్లారిన పిదప చేతి గీకుడుతో పిన్నుకు సరిచేసెడివారు. నీలిరంగు పూసి, త్రిప్పి, రంగు అంటినచోట గీకి, మరల త్రిప్పి చూచెడి ఆ పని నేర్పుగల వారికే సాధ్యము. 1930 ప్రాంతమునుండి పలుచని ఉక్కు చిప్పమీద పూత వేసి, కార్ఖానాలోనే తుది కొలతకు తెచ్చిన బేరింగులు ప్రచారములోనికి వచ్చినవి. నేడు మన ట్రాక్టర్లలో నుండునవి ఇట్టివే. వీనిని గీకరాదు, రాయరాదు, ఎమరీ కాగితముతో రుద్దరాదు. పాత అలవాటు మానని మేస్త్రీలు ఇంకను కొందరు కలరు. వారి చేతి నేర్పును గౌరవించుచునే ఈ పనిని నివారింపవలసి యున్నది.

డీజిలు ఇంజన్ల చిప్పలు తరచుగ మూడు పొరలుగా నుండును. వెనుక ఉక్కు, దానిపై రాగి సీసముల మిశ్రమము, పైన మిల్లీమీటరులో నలుబదియవవంతు మందము కూడ లేని మెత్తని పూత. ఆ మెత్తని పూత ఏల? ఆయిలులో తప్పించుకొని వచ్చిన ధూళికణమును తనలో నద్దుకొని, పిన్నును గీయకుండ కాపాడుటకు. కొన్ని ఇంజన్లకు, విశేషముగ పెట్రోలు ఇంజన్లకు, అల్యూమినియము తగరముల పూతగల రెండు పొరల చిప్పలను వేయుదురు. అవి ఆమ్లపు తినివేతకు తట్టుకొనును; కాని మోయు బరువు ఇంజను ఇంజనుకు వేరు. తయారీదారు ఒక ఇంజనుకు ఏ రకము నిర్దేశించెనో ఆ రకమునే కొనవలెను. కొలత సరిపోయినదని వేరొక రకము వేయుట తగదు. కొన్ని ఇంజన్లలో రాడ్డు వైపు చిప్పయు మూత వైపు చిప్పయు వేర్వేరు లోహములతో చేయబడును. మంట దెబ్బ రాడ్డు వైపు చిప్పమీద పడును గనుక గట్టిది అక్కడ ఉండవలెను. తారుమారైనచో పైకి ఏమియు తెలియదు. కొన్ని వందల గంటల తరువాత తెలియును.

పాత చిప్పలను పారవేయనీయకుడు

ఇంజను విప్పిన దినమున సభ్యులలో ఒకరు షెడ్డునకు పోవుట మంచిది. అక్కడ అడుగవలసిన మొదటి వస్తువు పాత చిప్పలు. ఏ సిలిండరువి ఆ సిలిండరు వరుసలో, ఏది రాడ్డు వైపుదో ఏది మూత వైపుదో తెలియునట్లు ఒక బల్లమీద పేర్చుమని కోరవలెను. రోగి నాలుక చూచి వైద్యుడు చెప్పినట్లు ఆ చిప్పలు ఇంజను చరిత్రను చెప్పును.

తిరుగుడు వెంబడి సన్నని గీతలును, పూతలో గ్రుచ్చుకొన్న నల్లని చుక్కలును కనబడినచో ధూళి ప్రవేశించినదని అర్థము. చెత్త యార్డు, ఎర్రమట్టి బాట, వరికోత కాలపు దుమ్ము వీనిలో తిరుగు బండికి ఇది సహజమైన జబ్బు. గాలి వడపోత పాత్రలోని ఆయిలు మార్చకుండుట, దానినుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము చిట్లియుండుట దీనికి మూలము కావచ్చును. గొట్టము మార్చక కొత్త బేరింగులు వేసినచో కొత్త బేరింగులును ఆ దారినే పోవును.

చిప్పలన్నిటిపైనను పూత చెదరి, సాగి, మెరయుచున్నచో ఆయిలు అందలేదని తెలియవలెను. ఆయిలు మట్టము తగ్గియుండెనా, పంపు అరిగెనా, జాలి మూసుకొనెనా అని వెదకవలెను. పూత పెళుసై ముక్కలుగ ఊడి, నేల నెర్రెలు వారినట్లుండిన అది అలసట. బరువు హెచ్చుటచేతనో, చాలకాలము గడచుటచేతనో కలుగును. చిప్ప ఒక అంచున మాత్రమే అరిగి రెండవ అంచున కొత్తదివలె నుండినచో రాడ్డు వంగియుండవచ్చును, లేదా పిన్ను ఒక ప్రక్కకు సన్నబడి యుండవచ్చును. ఇట్టిచోట రాడ్డును పరీక్షింపక బేరింగు మాత్రమే మార్చుట, వంకర గుంజకు కొత్త తలుపు బిగించుట వంటిది. చిప్ప వీపున నల్లని మచ్చయో, మెరుగెక్కిన చోటో యున్నచో అది రాడ్డులో గట్టిగ కూర్చుండక కదలుచుండెనని గాని, దాని వెనుక చెత్త చిక్కెనని గాని గ్రహింపవలెను. రంగు పాలిపోయి పూత తినివేసినట్లుండిన ఆయిలులో నీరు కలిసియుండవచ్చును, లేదా ఆయిలును గడువు దాటి వాడియుండవచ్చును.

కారణమును కనుగొనక వేసిన కొత్త బేరింగు ధనము వ్యర్థము చేయుటయే.

ఏ సైజు?

ఇచటనే ఎక్కువ పొరపాట్లు జరుగుచున్నవి గనుక కొంచెము విస్తరించి చెప్పవలసి యున్నది.

కొత్త ఇంజనులోని పిన్నుకు సరిపోవు బేరింగును స్టాండర్డు సైజు అందురు. అరిగిన పిన్నును సాన పట్టి సన్నము చేసినపుడు దానికి సరిపోవు బేరింగును అండర్ సైజు అందురు. 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు చొప్పున మెట్టు మెట్టుగ ఇవి దొరకును. అంగుళపు లెక్కలో పని చేయు షెడ్లవారు వీనిని 10, 20, 30, 40 సైజులని పిలుతురు. అంగుళములో వెయ్యవవంతుల లెక్క అది. అండర్ సైజు అనగా బేరింగు చిన్నదని కాదు. సన్నమైనది పిన్ను, చిప్ప మాత్రము మందమైనది. 0.25 సైజు జతలో ఒక్కొక్క చిప్ప స్టాండర్డు చిప్పకంటె 0.125 మిల్లీమీటరు మందముగ నుండును.

ఒక ఉదాహరణ తీసికొందము. పిన్ను కొత్తగ నున్నపుడు 60.00 మిల్లీమీటర్లు, స్టాండర్డు చిప్పలు బిగించిన రాడ్డు కన్నము 60.06. నడుమ సందు 0.06. ఇపుడు మైక్రోమీటరుతో కొలువగా ఒక దిక్కున 59.98, దానికి అడ్డముగ 59.92 వచ్చినదనుకొందము. పిన్ను గుండ్రముగ లేదు. గ్రుడ్డు ఆకారము దాల్చినది. మంట దెబ్బ ఎల్లపుడు పిన్ను చుట్టుకొలతలో ఒకే చోట పడుటచేత పిన్ను ఇట్లు అరుగును.

మొదటి మార్గము: "క్రాంకు బాగానే యున్నది, స్టాండర్డు బేరింగులు వేసిన చాలును" అనుట. అపుడు ఒక దిక్కున సందు 0.08, మరియొక దిక్కున 0.14. బండి స్టార్టగును. కొన్నినాళ్లు నిశ్శబ్దముగనే నడచును. ఆయిలు చల్లగ నున్నంతసేపు ఒత్తిడి బాగుగనే కనబడును. వేడెక్కిన పిదప సూచి క్రిందకు దిగును. తరువాత బరువు లాగునపుడు టక టక మను చప్పుడు మొదలగును. రెండవ మార్గము: అరిగినది గదా యని సాన పట్టకయే 0.25 సైజు చిప్పలు వేయుట. ఆ చిప్పల కన్నము 59.81, పిన్ను 59.98. పెద్ద మేకును చిన్న కన్నములో కొట్టుట వంటిదిది. మూత బిగియగానే క్రాంకు తిరుగదు. అపుడు కొందరు మూతను వదులు చేయుటయో, రేకు ముక్కలు పెట్టుటయో చేయుదురు. ఇది మొదటిదానికంటె చెడ్డది. మూడవ మార్గము: పిన్నును 59.75కు గుండ్రముగ సాన పట్టించి 0.25 సైజు చిప్పలు వేయుట. కన్నము 59.81, పిన్ను 59.75, సందు మరల 0.06. ఖర్చు ఎక్కువయ్యెడిది ఈ మార్గమే, మన్నునదియు ఇదియే.

పిన్నుమీద గీత లోతుగ నుండి, ఒక ప్రక్కన 0.125 మిల్లీమీటరుకంటె లోతుకు పోయినచో 0.25 సైజుకు సాన పట్టినను గీత మిగులును. అపుడు 0.50కు పోవలెను. ఒక పిన్నుకు 0.50 కావలసివచ్చినచో మూడు పిన్నులను 0.50కే తెచ్చుట వాడుక. లేనిచో మరియొక మారు మరమ్మతు చేయువాడు తికమక పడును. తయారీదారు అనుమతించిన చివరి మెట్టు దాటిన క్రాంకును మార్చక తప్పదు. కొన్ని క్రాంకులకు పై పొరను మాత్రమే గట్టిపరచి యుందురు. అట్టివానిని లోతుగ సాన పట్టినచో గట్టి పొర పోయి మెత్తని ఉక్కు బయటపడును. అందుచేత సాన పట్టుటకు ముందు, ఆ నమూనాకు ఎంతవరకు అనుమతి కలదో పుస్తకము చూచి తెలిసికొనవలెను.

పిన్ను కొలతలు పుస్తకము చెప్పిన హద్దులోనే యుండి, నునుపు చెడకయున్నచో సాన అవసరము లేదు. స్టాండర్డు చిప్పలే చాలును. ప్రతి మరమ్మతునకు సాన పట్టించుట యనునదియు ఒక దురలవాటే. క్రాంకు ఆయుర్దాయములో ఒక మెట్టు నిష్కారణముగ తరిగిపోవును.

ఇంకొక చిన్న విషయము. బేరింగులు చేతికి వచ్చిన తరువాతనే పిన్నులను సాన పట్టింపవలెను. ముందుగ సాన పట్టించి, ఆ సైజు బజారులో దొరకక, మరల మెట్టు దిగి సాన పట్టించినవారు కలరు. పిన్నుకును దాని ప్రక్కగోడకును నడుమనున్న చిన్న వంపును గ్రైండింగు చేయువాడు కొట్టివేసి నిలువు మూల చేయకుండ చూడవలెను. క్రాంకులు విరుగునది సాధారణముగ ఆ మూలలోనే. సాన పట్టిన పిదప ఆయిలు రంధ్రములను తీగతోను గాలితోను శుభ్రపరుపవలెను. రాతిపొడి లోపల మిగిలినచో మొదటి పది నిమిషములలోనే కొత్త చిప్పలను తినివేయును.

బిగింపు

కొత్త చిప్పను రాడ్డులో పెట్టినపుడు దాని అంచులు రాడ్డు అంచుకంటె లేశమాత్రము పైకి నిలిచి యుండును. అది లోపము కాదు. మూత బిగించినపుడు ఆ లేశము నలిగి చిప్పను రాడ్డులో గట్టిగ అదిమి పట్టును. ఇది తెలియక అంచులను ఆకురాయితో రాచుట, మూత ముఖమును అరగదీయుట మహాపరాధములు. చిప్ప వెనుక సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము పెట్టి సందు తగ్గించు ఉపాయము ఒకటి చిరకాలముగ వాడుకలో నున్నది. ఆ కాగితము వేడిని రాడ్డునకు పోనీయదు, ఆయిలు రంధ్రమును మూయవచ్చును, నలిగి జారిపోవును.

రాడ్డుకు ఏ మూతయో దానికి ఆ మూతనే బిగింపవలెను. రెంటిపై ఒకే అంకె చెక్కియుండును. బోల్టులను టార్కు రెంచితో, పుస్తకములో చెప్పిన బిగువునకు బిగింపవలెను. మరల వాడరాదని చెప్పిన బోల్టులను మార్చవలెను. సందును చూచుటకు ప్లాస్టిగేజ్ అను సన్నని మెత్తని తీగ దొరకును. దానిని పిన్నుమీద నుంచి మూత బిగించి విప్పినచో, అది ఎంత వెడల్పుగ నలిగెనో చూచి సందును చదువవచ్చును. క్రాంకును మాత్రము ఆ సమయమున త్రిప్పరాదు. దీని వెల స్వల్పము. సభ్యుడు షెడ్డులో నిలిచి స్వయముగ చూడదగిన పరీక్ష ఇది యొక్కటియే.

బిల్లుతో పాటు ఒక కాగితముపై ప్రతి పిన్నుయొక్క సాన ముందటి కొలత, తరువాతి కొలత, వేసిన బేరింగు సైజు, దాని పార్టు సంఖ్య, కనబడిన సందు వ్రాసి యిమ్మని తీర్మానములోనే షరతు పెట్టవచ్చును. కొలిచి పని చేయువాడు దీనికి వెనుదీయడు. బేరింగుల పెట్టెలను పంచాయతీ కార్యాలయమున భద్రపరచుట మేలు. నకిలీ సరుకు బజారులో కలదు. చిప్ప వీపున ముద్రించిన సంఖ్యయు, సైజును, పెట్టెమీది సంఖ్యయు ఒకటిగ నుండవలెను.

మోటారు సైకిలు మాటేమి?

గ్రామములో ట్రాక్టరుకంటె మోటారు సైకిళ్లే ఎక్కువ గనుక ఈ ప్రశ్న తప్పక వచ్చును. మన యిళ్లలోని 100, 125 సి.సి. బండ్లలో ఈ చిప్పలు ఉండవు. వాని రాడ్డు పెద్దకన్నము ఒకే ముక్క, మూత లేదు. లోపల సన్నని ఉక్కు రోలర్లు ఒక పంజరములో అమర్చబడి యుండును. పిన్నును రెండు ప్రక్కల చక్రములలోనికి ప్రెస్సుతో నొక్కి క్రాంకును తయారుచేయుదురు. రోలరు బేరింగునకు ఒత్తిడితో కూడిన ఆయిలు పొర అంతగా అక్కరలేదు. చిమ్మిన ఆయిలుతోనే బ్రతుకును. అందుచేతనే చిన్న ఇంజన్లకు అది తగినది.

అండర్ సైజు అను మాట ఇచట లేదు. రాడ్డు, పిన్ను, రోలర్లు, ప్రక్క వాషర్లు కలిపి ఒక కిట్టుగ అమ్ముదురు, మొత్తము మార్చవలెను. రోలర్లు మాత్రము కొత్తవి వేసి పాత పిన్నును ఉంచుట తగదు. పిన్నుమీద గుంటలు పడియున్నచో కొత్త రోలర్లు ఆ గుంటలమీదనే దొర్లును. రాడ్డును చేతితో పైకి క్రిందకు లాగి చూచినపుడు ఊగులాట తెలియరాదు. ప్రక్కలకు కొంచెము కదలిక ఉండుట సహజమే. ప్రెస్సు చేసిన తరువాత రెండు చక్రములును ఒకే గీతమీద తిరుగుచున్నవో లేవో డయలు గేజితో చూడవలెను. సుత్తితో కొట్టి క్రాంకు కూర్చు షాపునకు బండిని ఇచ్చుట మంచిది కాదు.

వీనికి భిన్నమైనది పాత బుల్లెట్టు. 1955లో మద్రాసులో స్థాపితమైన సంస్థ తయారుచేసిన ఈ బండ్ల పాత ఇనుప ఇంజన్లలో రోలర్లకు మారుగ తేలియాడు బుష్షు ఉండెడిది. అది పిన్నుకును రాడ్డునకును నడుమ స్వేచ్ఛగ తిరుగుచుండును. లోపలను వెలుపలను రెండు ఆయిలు పొరలు. ఆయిలు సరిగ అందినంతకాలము చక్కగ నడచును, అందనినాడు క్షమింపదు. వెనుకటి బుల్లెట్టు విప్పించువారు తమది ఏ రకమో ముందు తెలిసికొని కొనవలెను.

మొదటి యేబది గంటలు

ట్రాక్టరు విషయమునకు వత్తము. కూర్పు పూర్తియైన పిదప చిప్పలకు ఆయిలు పూయకయు, ఆయిలు మార్గము నిండకయు ఇంజనును స్టార్టు చేయరాదు. డీజిలు ఆపు మీటను లాగియుంచి, ఆయిలు ఒత్తిడి సూచి కదలువరకు స్టార్టరుతో త్రిప్పి, తరువాతనే స్టార్టు చేయవలెను. మొదటి యేబది గంటలు నిండు ట్యాంకరుతో ఎత్తులెక్కింపరాదు. అట్లని గంటల తరబడి ఖాళీగ నెమ్మదిగ తిరుగనీయుటయు మంచిది కాదు. తేలిక పనులలో వేగము మార్చుచు నడుపవలెను. తదుపరి ఆయిలును, ఫిల్టరును మార్చి, దింపిన ఆయిలును ఒక తెల్లని గుడ్డపై వడగట్టి చూడవలెను. మెరయు రేకులవంటి లోహపు తునకలు కనబడినచో బండిని ఆపి షెడ్డువానిని పిలువవలెను. సన్నని నల్లని మసి మాత్రమే యున్నచో భయము లేదు.

ట్రాక్టరు గడియారము చూపు గంటలను, ఆయిలు మార్చిన తేదీని, వేడి ఇంజనులో ఆయిలు ఒత్తిడి సూచి నిలుచు స్థానమును డ్రైవరు వారమునకొకమారు లాగు పుస్తకములో వ్రాయవలెను. క్రాంకుపై ఇపుడు ఏ మెట్టు సైజు నడచుచున్నదో ఆ పుస్తకపు మొదటి పుటలోను, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులోను ఎర్రసిరాతో వ్రాసి యుంచినచో, పాలకవర్గము మారినను తరువాత ఇంజను విప్పించువారికి ఆ సంగతి మొదటి దినముననే తెలియును.